రెండు మూతల నడుమ మా బావమరిది

తొంభైల్లో మేము ఖతార్‌లో, అల్ ఘర్రాఫా అనే పేటలో ఒక విల్లా వెనక వాటాలో ఉండేవాళ్ళం. దానికో పెరడు. అందులో ఒక కరివేపాకు మొక్క, ఒక బట్టలారేసే తీగ, మిగిలినదంతా ఎండ. ఆ పెరట్లోకి నలుగురు మనుషులు రొప్పుతూ మోసుకొచ్చి దించిన వస్తువును చూసి మా ఆవిడ, "రైలింజను తెచ్చారు సరే, పట్టాలేవండీ?" అంది.

అది మా అమెరికన్ మేనేజరు ఖతార్ వదిలి వెళ్ళిపోతూ నాకిచ్చిన బహుమతి. దాన్ని స్మోకర్ అనేవాడు. నల్లటి ఇనప పీపా, దానికో బరువైన మూత, పక్కన నిప్పుల పెట్టె, నెత్తిన పొగగొట్టం. మాంసాన్ని మంట మీద పెట్టకుండా పొగలో, సన్నని సెగన పూటంతా మగ్గబెట్టాలట. నియమం ఒక్కటే, మధ్యలో మూత తీయకూడదు. తీస్తే లోపలి సెగంతా పోయి కథ మళ్ళీ మొదటికొస్తుంది. కూతుర్ని అత్తారింటికి పంపే తండ్రిలా నా రెండు చేతులూ పట్టుకుని, కళ్ళు తడి చేసుకుని మరీ చెప్పాడు.

మా ఆవిడకిది నచ్చలేదు. పొగ పోవాలని ఊదుగొట్టాలు ఊదీ ఊదీ తరతరాలుగా కళ్ళు మండించుకున్న వంశం వాళ్ళది. పొగ రావాలని వంట చేసే అల్లుడు దొరికాడని తెలిస్తే వాళ్ళ నాయనమ్మ సమాధిలోంచి లేచి కూర్చుంటుందంది.

నేను వినలేదు. ఆదివారాలు డ్యూటీ ఉండే దేశం కనుక మా పండగలన్నీ శుక్రవారానికి జరిగేవి. ఈస్టర్ తర్వాతి శుక్రవారం ప్రార్థన, భోజనం మా ఇంట్లోనే. వచ్చేవాళ్ళంతా గోదావరి, కృష్ణా జిల్లాల కుటుంబాలు, లెంటు ఉపవాసాల నలభై రోజులూ మాంసం ముట్టనివాళ్ళు. ఎప్పుడూ ఇంటికో గిన్నె తెచ్చుకునే ఆనవాయితీ. ఈసారి ఎవరూ ఏమీ తేవద్దని నేను ఇంటింటికీ ఫోన్ చేసి చాటించాను. గొర్రె పూచీ నాది.

అయితే మా ఆవిడ గుండె కొట్టుకునేది ఒక్కడి కోసం, వాళ్ళ తమ్ముడి కోసం. రాస్ లఫాన్ గ్యాసు ప్లాంటులో వెల్డరు. నెలకో శుక్రవారం వాళ్ళ క్యాంపు బస్సు ఊళ్ళో వదిలిపెట్టి, నాలుగింటికి మా దగ్గరి రౌండెబౌట్‌లో తిరిగి ఎక్కించుకునేది. ఆ ఒక్క పూట అక్క చేతి ముద్ద కోసం వాడు నెలంతా క్యాంపు మెస్సు పప్పును క్షమిస్తూ బతికేవాడు. వాడు ఆకలితో బస్సెక్కకూడదు. మా ఆవిడ నాకు పెట్టిన షరతు అదొక్కటే.

పొద్దున్నే నిప్పు రాజేసి, రెండు గొర్రె తొడల్ని పీపాలో పడుకోబెట్టి మూత వేశాను. లేచిన పొగ ఉమ్ సలాల్ దాకా పోయిందనీ, అక్కడి తోటల్లో మేకలు బంధువుల కబురు తెలిసి భోరుమన్నాయనీ నా నమ్మకం.

ప్రార్థనయ్యాక జనం పెరట్లోకి వచ్చారు. ఆ నియమం పెట్టినవాళ్ళు తెలుగువాళ్ళను చూడలేదని అప్పుడర్థమైంది. మూతపెట్టిన గిన్నె కనబడితే తీసి చూడకపోవడం మనలో వండినవాళ్ళను అవమానించడం. ఒక పెద్దాయన ఉప్పు పడిందో లేదోనని తీశాడు. ఆయన సరిగా చూశాడో లేదోనని వాళ్ళావిడ తీసింది. ఇంకొకావిడ అడుగంటుతుందేమోనని చెంబెడు నీళ్ళు తెచ్చి, ఆ పీపాకు అడుగెక్కడో తెలియక నిప్పుల పెట్టెలో పోసింది. మళ్ళీ నిప్పు రాజేసి, నమ్మకస్తుడైన ఒక అకౌంటెంటును కాపలా పెట్టాను. కాసేపటికి చూస్తే ఆయన తలే పీపాలో ఉంది. కాపలా కాసేవాడికి లోపల సరుకుందో లేదో తెలియొద్దా అన్నాడు.

మూత ముట్టనివాడు మా బావమరిది ఒక్కడే. ఆరేసిన దుప్పటి నీడలో కూర్చుని ఉన్నాడు.

"బావా, ఇంజను ఏ స్టేషన్లో ఉంది?"

"సిగ్నల్ పడలేదురా."

మూడు దాటింది. పిల్లలు బిస్కెట్లయ్యాక బిస్కెట్ల కాగితాలు నాకుతున్నారు. పెద్దలు ఆవకాయన్నంతో ఈస్టర్ జరుపుకుంటున్నారు. బావమరిదికి అదే పెట్టబోతే, మాంసంతోనే తింటానని మొండికేశాడు.

"బావా, గొర్రె ఇంకా బతికే ఉన్నట్టుంది. కాస్త మేత వేద్దామా?"

మా ఆవిడ నవ్వలేదు. కత్తిపీట తెచ్చింది. పైన బొగ్గు, లోపల పచ్చిగా ఉన్న ఆ తొడల్ని తీసి, ముక్కలు కొట్టి, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి పెద్ద కుక్కర్లో పడేసి మూత బిగించింది. నాలుగు కూతలు వచ్చేసరికి బస్సు వేళయింది. ఆవిరి దిగదు, మూత రాదు. కుళాయి కింద పెడదామంటే మిద్దె మీది ట్యాంకు ఎండకు కాగి, ఆ నీళ్ళతో టీ పెట్టుకోవచ్చు. గరిటెతో వెయిటు లేపబోయాను. పులుసు ఎగిరి వంటింటి కప్పుకు కొట్టింది. పొద్దుట్నుంచి పీపా మూత నిలవనివ్వని చేతులన్నీ కుక్కరు చుట్టూ కట్టుకుని నిలబడ్డాయి.

బావమరిది ఒక తువ్వాలు తెచ్చి కుక్కర్ని చుట్టాడు.

"ఇట్టాగే పట్టుకుపోతానక్కా. ఎక్కడో ఒకచోట చల్లారుద్దిగా."

కార్లో, ప్రతి కుదుపుకీ అది వాడి ఒళ్ళో బుసకొట్టింది. బస్సు డ్రైవరు గ్యాసు తవ్వే ఊరికి గ్యాసు మోసుకెళ్తున్నవాణ్ణి చూసినట్టు చూశాడు. బస్సు కదిలాక మా ఆవిడ, "తింటాడంటారా?" అంది.

నెలంతా వాడి కబురు లేదు. క్యాంపుకు ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి, ఏదో భాషలో డ్యూటీ అని పెట్టేసేవారు. ఇంట్లో కుక్కరు లేక పప్పు ఉడికేది కాదు. ఉడకని పప్పు వడ్డించినప్పుడల్లా అదే ప్రశ్న, గింజలు నమలడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు.

నెల తిరిగాక వాడు కుక్కర్ని అద్దంలా తోమి తెచ్చాడు. దారిలో అల్ ఖోర్ దాటాక మూత వచ్చిందట. బస్సంతా తలో ముక్కా తిన్నారట.

"అందరూ మాడు కంపు కొడతందన్నారక్కా."

మా ఆవిడ మొహం పాలిపోయింది.

"నీకెందుకు కంగారు? మా బావ వండాడని చెప్పా."

నెల తర్వాత మొదటిసారి ఆవిడ నవ్వింది. వాడు నా భుజం తట్టి, వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీది గిన్నెల మూతలన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాడు. ఎవరూ వద్దనలేదు.