కొబ్బరికాయల లారీలో పిన్‌బాల్ మెషీన్

మా క్లబ్బులో మూలనపడిన పిన్‌బాల్ మెషీన్‌ని, అదే ఇనుప గోళీ తగిలితే గంటలు మోగే ఆటపెట్టెని, ఈ సాయంత్రంలోగా తీసుకెళ్లకపోతే పాత ఇనుముకి అమ్మేస్తానన్నారు సెక్రటరీ గారు. లైబ్రరీ పుస్తకాలను తూకానికి వేసిన మహానుభావుడు కనుక నేను నమ్మాను. ఇండోర్‌లో ఒకావిడ దాన్ని బాగుచేసి ఆడిస్తానన్నారు. కానీ పార్సిల్ వాళ్లు అడిగిన కిరాయితో ఇంకో మెషీన్ కొనుక్కోవచ్చు.

చివరికి అంబాజీపేట వెళ్లి, ఇండోర్‌కి కొబ్బరికాయలు పంపే వెంకట్రావు గారిని ఆయన లారీలో దీన్నీ ఎక్కిస్తారా అని అడిగాను.

"కాళ్లు విప్పేస్తే ఎన్ని కాయల చోటు తింటుందండీ?" అన్నారు.

"పెట్టెకి కాయల లెక్కేమిటండీ?"

"ఆయ్, మా లారీలో ఏదెక్కినా కాయల లెక్కేనండి. ఎన్ని కాయలు దింపితే అంత కిరాయి. మీరెక్కినా అంతేనండి."

ఆ లెక్కన చాలా చవకగా తేలింది. కాళ్లూ అద్దమూ విప్పి, దుప్పట్లు చుట్టి, చుట్టూ కొబ్బరి పీచు దట్టంగా కూరాం. చీకటి పడకముందే లారీ బయల్దేరింది.

అది మళ్లీ గంటలు మోగించిన రోజున ఇండోర్ నుంచి వచ్చే ఫోన్ స్పీకర్లో పెట్టి సెక్రటరీ గారి పక్కనే కూర్చుంటాను. మీ ఊళ్లోనూ ఇలాంటిదేదైనా ఇనుముకి పోబోతోందా? మీ దగ్గర్నుంచి ఏ సరుకు లారీలు ఎటు వెళ్తాయో కాస్త చెప్పండి.