నీళ్లు పారిన ఫొటో

అమ్మ ట్రంకుపెట్టెలోంచి తీసిన ఆ ఫొటోకు ఇప్పటికీ పసుపుకొమ్ముల ఘాటే. మొన్న దాన్ని జగిత్యాల పట్టుకుపోయాను. అక్కడ మాకు ఆదివారాలు ఫొటోగ్రఫీ నేర్పే సారు ఒకాయన ఉన్నాడు. రోడ్డో, ఒడ్డో, కాలువో, ఏదో ఒక గీత ఫొటో మూల నుంచి బయలుదేరి చూసేవాడి కంటిని లోపలికి నడిపించుకుపోవాలని, దాన్నే లీడింగ్ లైన్ అంటారని వారం వారం వాయిస్తాడు. నా ఫొటో చూడగానే లేచి నిలబడ్డాడు. కింది మూల నుంచి నీళ్ల కాలువ మెలికలు తిరుగుతూ పోయి, పచ్చటి పసుపుచేను మధ్య నిలబడ్డ మా అమ్మ దగ్గర ఆగుతుంది. "ఇదీ కంపోజిషన్ అంటే!" అని అందరికీ తిప్పి తిప్పి చూపించాడు. నాకు ఒళ్లు మండింది.

మాది జగిత్యాల దిక్కు ఇబ్రహీంపట్నం అవతల పల్లె. నా చిన్నప్పుడు వాడకట్టులో మగవాళ్లంటే ముసలివాళ్లే. మిగతావాళ్లు కొందరు సిరిసిల్ల మరమగ్గాలకు, చాలామంది, మా బాపుతో సహా, దుబాయికి. అయినా మా పండుగలు మాకుండేవి. చలి పోతూ పోతూ ఉండగా పసుపు ఉడకబెట్టే ఆవిరి ఇళ్ల మీదుగా పాకి అన్నంలోకి కూడా ఆ వాసన దిగేది, కళ్లంలో ఆరబోసిన కొమ్ముల మధ్య మేం దాగుడుమూతలు ఆడి పచ్చటి కాళ్లతో ఇంటికొచ్చి తన్నులు తినేవాళ్లం, సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సద్ది, పల్లీల సద్ది, బెల్లం కారే మలీద ముద్దలు చేతులు జిడ్డు దేరేదాకా మెక్కేవాళ్లం. వానలు ఎగ్గొట్టిన ఆ ఏడు కూడా తంగేడు మాత్రం సిగ్గు లేకుండా విరగబూసింది.

ఆ ఏడే మా బావి అడుగంటింది. కరెంటొచ్చినప్పుడు మోటరు వేస్తే చేను మొదట్లో ఒక పట్టీ తడిసేది, అంతే. దాని వెనకా పక్కనా పసుపాకంతా ముడుచుకుపోయి కాగితంలా గలగలమనేది. అమ్మకు బాపు వాపసు రావాలని ఉంది. ఆ మాట చెప్పే దారి మాత్రం లేదు. ఆమెకు రాయడం రాదు, అప్పట్లో ముచ్చట్లన్నీ క్యాసెట్లలో పోయేవి. ఇక్కడ టేపురికార్డరు చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడితే, అక్కడ బాపు గదిలో ఉన్న మగవాళ్లంతా కలిసి వినేవాళ్లు. వచ్చెయ్యమని ఆలి మొగుడితో చెప్పుకునే జాగా కాదది. అందుకే సెలవుకొచ్చి దసరా తర్వాత తిరిగి దుబాయి పోతున్న పక్కింటాయనతో ఫొటో పంపుదామనుకుంది. ఎండిన చేను కళ్లారా చూస్తే మనిషి ఆగడని ఆమె నమ్మకం.

కోరుట్ల నుంచి ఖాదర్ చిచ్చా లూనా మీద వచ్చాడు. మా ఊరి నుంచి దుబాయి పోయే ఫొటోలన్నీ ఆయనే తీసేవాడు. ఎవరింటికి పోయినా ఒకటే పద్ధతి: ఉన్న పచ్చదనం ముందుకు, లేనిది వెనక్కు. అమ్మ పోయి ఎండిన దాంట్లో నిలబడింది.

"గీడ తియ్యి ఖాదర్ భాయ్. ఎట్లున్నదో గట్లనే తియ్యి. సూస్తెనే అస్తడు."

ఒడ్డు మీద కూర్చున్న నాయినమ్మ లేచింది. "ఎండిన చేను సూపెట్టి పరదేశంల ఉన్నోని పానం తీస్తవా? మోటరెయ్యుండ్రి!"

రాత్రంతా ఊరిన నీళ్లన్నీ ఫొటో కోసం పారబెట్టారు. అమ్మను చెయ్యి పట్టి తెచ్చి పచ్చటి పట్టీలో నిలబెట్టారు. పక్కన బతుకమ్మ గౌనులో నేను, వెర్రినవ్వుతో. చిచ్చా కాలువ పక్కన బురదలో బోర్లా పడుకున్నాడు. అంత కిందనుంచి చూసేసరికి ముందరి పట్టీయే ఎత్తుగా లేచి వెనకదంతా కప్పేసింది. పనితనం గొప్పదే, కాదనను. అందుకే ఇంకా కోపం.

"చెల్లె, ఇటు సూడు. జర నవ్వు."

అమ్మ ఇటు చూడలేదు. ఫొటోకు అందకుండా పక్కన మిగిలిపోయిన ఎండు చేను వైపే ముఖం పెట్టి నిలబడింది.

కొన్నాళ్లకు క్యాసెట్ వచ్చింది. ఇంటి నిండా జనం. బాపు గొంతు మహా హుషారుగా ఉంది. "ఫొటో ముట్టింది. కాలువల నీళ్లు మస్తు పారుతున్నయ్. మా రూముల అందరు ఖుషీ అయిండ్రు. నాకింక ఫికర్ లేదు. ఇంకో రెండేండ్లుండి అస్త." నాయినమ్మ దేవునికి దండం పెట్టింది. అమ్మ అందరి ముందే టేపు బంద్ చేసి బర్రెకు గడ్డి వెయ్యడానికి పోయింది. ఆ ఏడు మా ఇంట్లో పసుపు ఉడకలేదు.

బాపు ఆ ఫొటోతో సహా తిరిగొచ్చేనాటికి చేను పడావు పడి బీడైంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, కానీ అమ్మ ఆయనతో అవసరానికి మించి మాట్లాడగా నేను వినలేదు. ఆ ఫొటో మీద నాకున్న కసి అక్కడ మొదలైంది.

జగిత్యాల సారు చివర్లో ఒక లోపం కూడా చెప్పాడు. "కాలువ మన చూపును ఇంత చక్కగా ఆమె దాకా తెస్తే, ఆమె బయటికి చూస్తోంది. అదే చెడగొట్టింది." ఫొటో గుంజుకుని బస్సెక్కాను.

ఇప్పుడు ఆ బావి పూడ్చేశారు. కాలువ జాడ లేదు, పసుపు పండిన చోట ప్లాట్ల హద్దురాళ్లు పాతారు. నాయినమ్మ పోయింది, ఖాదర్ చిచ్చా పోయాడు, క్యాసెట్లు ఎలుకలు కొట్టేశాయి. ఊరికి పోగానే బాపు చేతిలో ఫొటో పెట్టి, ఇన్నేళ్లూ అడగనిది అడిగాను.

"అమ్మ ఎటు సూస్తుందో అప్పుడు సూసినవా బాపు?"

"సూసిన బిడ్డా. ఎండ కొడ్తుందని మొకం తిప్పిందనుకున్న."

అమ్మ పక్కనే చిక్కుడుకాయలు తుంపుతోంది. విన్నది. ఒళ్లోని నారలు దులుపుకుని లేచి లోపలికి పోయింది.