మూడో విడుదలతో వెళ్ళిపోయిన పేర్లు

2006 వానాకాలంలో నేను నంద్యాలలో ఒక క్షయ నివారణ ట్రస్టులో సిస్టమ్స్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. హోదా వినడానికి గంభీరంగానే ఉండేది గానీ, ఆ విభాగం మొత్తానికి ఉన్నది నేనొక్కణ్ణే. నా పైన వైద్యాధికారి, ఆయన పైన కార్యదర్శి. ఆళ్ళగడ్డలో మాకొక చికిత్సా కేంద్రం ఉండేది. అక్కడి రోగుల రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించడం నా బాధ్యత.

అప్పట్లో మాకు దొరికే సాఫ్ట్‌వేర్ తెలుగు పేర్లను అక్షరక్రమంలో సరిగా పెట్టేది కాదు. విసిగిపోయి, నేనే ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. అది చక్కగా పనిచేసింది. ఇటువంటి ప్రోగ్రాములను ఎవరైనా ఉచితంగా తీసుకునేలా ఉంచే రిపాజిటరీ, అంటే బహిరంగ భాండాగారం, ఇంటర్నెట్‌లో ఒకటి ఉంది. కార్యదర్శి అనుమతి తీసుకుని నా ప్రోగ్రాంను అందులో పెట్టాను. తెలుగువాళ్ళు అక్కడ పెట్టినవి అప్పటికి బహు తక్కువ. నాకు కొంచెం గర్వంగానే ఉండేదని ఒప్పుకోవాలి.

ఎక్కించే పద్ధతి ఇది. నల్లటి తెర మీద, మౌస్‌తో పని లేకుండా, ఆదేశాలు టైపు చేయాలి. మొదటి ఆదేశం ఫోల్డరులో ఉన్నదంతా ఒక మూట కడుతుంది. దాన్నే ప్యాకేజీ అంటాం. ఏవి కట్టకూడదో ముందే ఒక మినహాయింపుల జాబితాలో రాసిపెట్టాలి. రాయనిదల్లా మూటలోకి పోతుంది. రెండో ఆదేశం మన పేరు, పాస్‌వర్డు అడిగి ఆ మూటను పంపుతుంది. ప్రతి విడుదలకూ ఒక సంఖ్య ఉంటుంది, ఒకసారి వాడిన సంఖ్యతో మళ్ళీ పంపనివ్వరు. పంపిన కొద్ది గంటల్లోనే వేరే దేశాల సర్వర్లు నకళ్ళు తీసేసుకుంటాయి. వాటిని మిర్రర్లు అంటారు.

ప్రోగ్రాంను పరీక్షించడానికి పేర్లు కావాలి. ఊహించి రాసిన పేర్లతో తప్పులు బయటపడేవి కావు. మద్దిలేటి, ఓబులేసు, హుసేన్‌బీ, సుంకులమ్మ, మార్తమ్మ, అన్నీ ఒకే పేజీలో కలిసి ఉండాలి. అందుకని ఆళ్ళగడ్డ రిజిస్టరులోని ఒక పేజీని ఉన్నది ఉన్నట్టుగా వాడాను. మా రిజిస్టర్ల తీరు కూడా చెప్పాలి. ఒక్కో ఊళ్ళో నలుగురు మద్దిలేటిలు ఉంటారు, ఇంటి నంబర్లు ఎవరికీ గుర్తుండవు. కాబట్టి పేరు పక్కన తండ్రి పేరో భర్త పేరో, ఊరు, ఆపైన ఒక ఆనవాలు రాసేవాళ్ళు. బావి పక్క ఇల్లు, బడి టీచరు, చర్చి వెనక, ఇలాగ. మందులిచ్చే మనిషి ఇల్లు వెతుక్కోకుండా పోవడానికి పెట్టుకున్న పద్ధతి అది. ఎవరి చేతికి చిక్కినా అంతే సులువుగా ఇల్లు చూపిస్తుందన్న ఆలోచన నాకు రాలేదు.

మొదటి రెండు విడుదలల్లో ఆ పరీక్షల ఫోల్డరును మినహాయింపుల జాబితాలో పెట్టాను. మూడో విడుదలకు ముందు ఫైళ్ళన్నీ సర్దుతూ ఆ ఫోల్డరు పేరు మార్చాను. జాబితాలో మాత్రం పాత పేరే ఉండిపోయింది. ఆదేశం దాని పని అది చేసింది. భోజనానికి లేచేలోపు పంపేశానన్న తృప్తితో నేను మూట విప్పి చూడనేలేదు.

నాలుగో రోజు బెంగుళూరులో చదువుకునే ఒక తెలుగు విద్యార్థిని నుంచి మెయిల్ వచ్చింది. మీ పరీక్షల ఫోల్డరులో ఉన్నది నిజమైన రోగుల వివరాల్లా ఉంది, ఒకసారి చూసుకోండి అని రాసింది. వెంటనే ఆ విడుదలను రిపాజిటరీ నుంచి తీసేశాను. మిర్రర్లు నడిపేవాళ్ళందరికీ విడివిడిగా ఉత్తరాలు రాశాను. ఒక్కరు తప్ప అందరూ తీసేశారు. ఆ ఒక్కరి నుంచి జవాబే రాలేదు.

వైద్యాధికారికి అంతా చెప్పాను. ఆయన కేకలు వేయలేదు. ఆ పేజీలో ఉన్నవాళ్ళందరికీ నువ్వే వెళ్ళి చెప్పాలి అన్నారు. ఆళ్ళగడ్డ కేంద్రంలో చికిత్సా పర్యవేక్షకుడు దస్తగిరికి మాత్రం అది నచ్చలేదు.

"ఏంది సార్ మీరు! యాడో ఫారిన్‌లో ఉండే కంప్యూటర్లో మన ఆళ్ళగడ్డోళ్ళ పేర్లు ఎవురు సదువుతారు? తీసేస్తిరి కదా, గమ్మునుండండి" అన్నాడు.

అయినా నాతో వచ్చాడు. రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగాం. చాలామంది నేను చెప్పింది సగం విని, మందులేమైనా మారుస్తారా అని అడిగారు. మార్తమ్మకు మాత్రం మొత్తం అర్థమైంది. ఆమె ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు టీచరు. చికిత్స పూర్తయి, జబ్బు నయమై ఏడాది దాటింది. బడిలో మాత్రం టైఫాయిడ్ అని చెప్పి సెలవు తీసుకుంది. అసలు సంగతి తెలిస్తే ఉద్యోగంలో ఉంచరని ఆమెకు తెలుసు. ఆమె పేరు పక్కన ఆనవాలు "బడి టీచరు" అనే ఉంది.

"తీసేసినారా?" అని అడిగింది. ఒకచోట ఇంకా ఉందని చెప్పాను. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

"నా పేరు తీసుకునేటప్పుడు ఒక మాట అడిగింటే బాగుండు కదా సార్. ఇప్పుడొచ్చి చెప్తాండారు. నేనేం చేయాల?"

క్షమించమని అడిగాను. ఆమె బడికి టైమవుతోందని లేచింది.

పది రోజుల తరువాత దస్తగిరి ఫోన్ చేశాడు. ఎవరో చెప్పి తెలిసేకన్నా తానే చెప్పడం మేలని మార్తమ్మ బడి యజమాని దగ్గరికి వెళ్ళి విషయం చెప్పిందట. వాళ్ళు ఆ రోజే ఆమెను తరగతిలోకి పోనివ్వలేదట. వైద్యాధికారి అదే రోజు ధ్రువపత్రం రాసిచ్చారు: జబ్బు పూర్తిగా నయమైంది, ఆమె వల్ల ఎవరికీ సోకదు అని. దాన్ని నేనే తీసుకెళ్ళి యజమానికిచ్చాను. ఆయన చదివి, మర్యాదగా మడిచి, పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరండీ అన్నాడు. వేసవి దాటాక ఆమె ప్యాపిలి దగ్గర వేరే బడిలో చేరింది. జీతం తక్కువని దస్తగిరి చెప్పాడు.

నాకు తెలిసినంతవరకు, ఆ ఫైలును ఆళ్ళగడ్డలో ఒక్కరు కూడా తెరిచి చూడలేదు. అయినా ఆమె ఉద్యోగం పోయింది. నేను చెప్పకుండా ఉండాల్సిందా అని చాలాకాలం ఆలోచించాను. చెప్పడం తప్పు కాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. తప్పు అంతకుముందే, నా బల్ల దగ్గరే జరిగిపోయింది.

ఆ తరువాత రిటైరయ్యేదాకా నిజమైన మనిషి పేరును పరీక్షకు వాడలేదు. మూట కట్టాక దాన్ని వేరే చోట విప్పి, లోపలున్న ప్రతి ఫైలునూ తెరిచి చూశాకే రెండో ఆదేశం ఇచ్చేవాణ్ణి. దానికి పావుగంట పట్టేది. మూడో విడుదల రోజున ఆ పావుగంట పెట్టివుంటే, మార్తమ్మ ఆళ్ళగడ్డలోనే పాఠాలు చెప్పుకుంటూ ఉండేది.