ఒళ్లు విదిలించని మేకపోతు

తిరుత్తణి పక్కన మా ఊళ్లో, అమ్మవారికి మేకపోతును కొట్టే ముందు దాని ఒప్పుకోలు అడిగేవాళ్లు. తలమీద చెంబెడు పసుపునీళ్లు పోస్తారు. ఒళ్లు విదిలించిందా, ఒప్పుకున్నట్టే. నీళ్లు పడితే ఏ మేకైనా విదిలిస్తుంది గనుక, కాదన్న మేకను నేనెప్పుడూ చూడలేదు, మా పెద్దమ్మ పెంచినది తప్ప.

మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని కాళ్లు పట్టేసిన పెదనాయన, లేచి నడిస్తే మేకపోతును ఇస్తానని మొక్కుకున్నాడు. నడిచాడు. మొక్కు కోసం తెచ్చిన మేకపిల్లను ఈలోగా పెద్దమ్మ చేరదీసింది. వానకు తడిస్తే పాత చీర ముక్కతో తోకదాకా తుడిచేది. అదీ అలవాటుపడి, తడవగానే కదలకుండా నిలబడి ఆమెకోసం చూసేది. ఆమెకు మాంసం మీద విరక్తేమీ లేదు. వేటమాంసం వండడంలో మా వీధిలో ఆమెను మించినవాళ్లు లేరు. ఈ ఒక్కదాన్ని వదిలేయమని మాత్రం మొగుణ్ణి బతిమాలింది. ఆయన వినలేదు. నేను మద్రాసులో పత్రికాఫీసుకు సెలవు పెట్టి, నిజం చెప్పాలంటే, కూర కోసమే రైలెక్కి వచ్చాను.

గుడి ముందు పూజారి ఒక చెంబు పోశాడు. మేక నిలబడింది. ఇంకో చెంబు పోశాడు. గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి, చూపు పెద్దమ్మ మీదే.

"అమ్మ ఉత్తరువు రాలేదు," అన్నాడు పూజారి.

"ఎండకు నీళ్లు కాగినట్టుండాయి. బావినీళ్లు తేండి," అన్నాడు పెదనాయన.

బావినీళ్లూ అయ్యాయి. అప్పుడు ఆయనకు తట్టింది.

"ఏమే, నువ్వు అవతలికి పో. నిన్ను చూసే అది నిలబడింది."

"అమ్మను అడిగేదానికి వచ్చినారా, నన్ను అడిగేదానికా?"

"పొమ్మంటే పో."

"నేను పోయినాక విదిలిస్తే అది అమ్మ మాటా, నీ మాటా?"

పెదనాయన పూజారి వైపు చూశాడు. పూజారి చెంబు బోర్లించాడు.

"అక్క చెప్పేది న్యాయమే మామా. మూడుసార్లు అడిగినాము. ఇంక అడిగేది నా చేత కాదు."

మొక్కు మిగిలిపోకూడదని పక్కవీధి నుంచి ఒక పుంజును పట్టుకొచ్చారు. అది మొదటి చెంబుకే టపటపా రెక్కలు కొట్టింది. పులుసు పెట్టింది పెద్దమ్మే. ఇంటిల్లిపాదికీ ఒక్క కోడి గనుక నాకు మెడ ముక్క దొరికింది. బాగుంది. పెద్దమ్మ కూడా ఒక ముక్క వేసుకుంది. ఆ పుంజును పెంచింది ఎవరని ఆమె అడగలేదు. నేనూ అడగలేదు.