నీళ్లు నిలిచే చేలకు నారు ఇవ్వం

2022 వేసవి. నరసరావుపేటలో బస్టాండుకు కాస్త ఎడంగా, ఒక మందుల షాపు మేడ మీద నా గది. కింద బోర్డు మీద 'డిజిటల్ మార్కెటింగ్' అని రాయించుకున్నాను. అందులో రెండో మాట చూసి ఒక రైతు మిరపకాయల శాంపిల్ సంచి పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. నా కీబోర్డు పక్కన నాలుగు కాయలు గుమ్మరించి, "ఏ రేటు పలుకుద్ది?" అని అడిగాడు. నా వ్యాపారం ఊళ్లో ఎంతమందికి అర్థమైందో చెప్పడానికి ఇది చాలు.

చిన్న వ్యాపారాలకు బ్లాగులు రాసిపెట్టడం నా పని. బ్లాగు అంటే ఇంటర్నెట్‌లో మన పేరు మీద ఉండే చోటు. మన సరుకు గురించి, పనితనం గురించి వారం వారం అందులో రాస్తూ ఉంటే, ఆ సరుకు వెతుక్కునేవాళ్లు మన దగ్గరికి వస్తారు. "బ్లాగులో ల-వత్తు తీసేస్తే మిగిలేది బాగే" అని మెట్లెక్కి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాణ్ణి. నవ్వినవాళ్లు సాధారణంగా పని ఇచ్చేవాళ్లు.

ఆదిలక్ష్మక్క నవ్వలేదు. "వత్తు తీసేస్తే అది ఇంకో మాటయిద్ది గదా తమ్ముడూ?" అంది. పని మాత్రం ఇచ్చింది.

నకరికల్లు అవతల ఎకరం చేను కౌలుకు తీసుకుని, షేడ్‌నెట్ కింద, అంటే ఎండను వడగట్టే పచ్చ వల పందిరి కింద, మిరప నారు పెంచేది ఆమె. ముప్పై ఇళ్లవాళ్లు ఏటా ఆమె దగ్గరే నారు తీసుకునేవాళ్లు. హైవే పక్కన పెద్ద నర్సరీలు వచ్చాక వాళ్లలోనూ కొందరు అటు జారుకున్నారు. ఈ ఏడు నర్సరీ సరిగ్గా నడవకపోతే చేను ఇంకొకరికి ఇస్తానని ఆసామి తేల్చి చెప్పాడు. అందుకే ఆమె నా మెట్లెక్కింది.

ఆమె పద్ధతి వేరు. నారు అడిగినవాళ్లకు వెంటనే ఇచ్చేది కాదు. చేను ఎక్కడ, ఏ నేల, వాన పడితే నీళ్లు ఎన్నాళ్లు నిలబడతాయి అని అడిగేది. రెండు రోజులు అన్నాడంటే అయిపోయిందే. "నా నారు తీసకపోయి ఊబిలో పెడతావా? వరి ఏసుకో పో" అనేది. పొలం నచ్చితే ట్రేలోంచి ఒక మొక్క పీకి అరచేతిలో పెట్టి, "వేరు చూసుకుని తీసకపో" అనేది.

మొదటి పోస్టు కోసం ఆమె చెబుతుంటే నేను టైపు చేశాను. ఆమె చెప్పిన మొట్టమొదటి వాక్యం: "నీళ్లు నిలిచే చేలకు నారు ఇవ్వం. వేరు కుళ్లి చచ్చిద్ది."

"అక్కా, ఇది తీసేద్దాం. వచ్చేవాణ్ణి గుమ్మంలోనే కొట్టినట్టుంది" అన్నాను.

"లోపలికొచ్చినాక కొట్టేదానికంటే నయం గదా?"

"ముందు రానియ్యక్కా. వచ్చినాక నువ్వే చెబుదువు గాని."

ఆమె కాసేపు తెర వంక చూసింది. అక్షరాలు కూడబలుక్కుని చదవడం వరకే ఆమెకు వచ్చు. "నీకు తెల్సుద్దిలే, చదువుకున్నోడివి" అంది.

ఆ వాక్యం తీసేసి, దాని చోట పెద్ద అక్షరాల్లో ఒక సామెత పెట్టాను: 'నారు పోసినవాడు నీరు పోయడా!' నర్సరీకి ఇంతకంటే సరిపోయే మాట తెలుగులో లేదని రెండు రోజులు మురిసిపోయాను. ఆమె చూడమన్నది వేరు, నేను రాసింది వేరు.

మా భాషలో కీవర్డ్ అంటే జనం ఫోనులో వెతికేటప్పుడు కొట్టే మాట. 'మిరప నారు' అన్న కీవర్డ్‌ను పోస్టుల్లో ఎక్కడ చల్లాలో అక్కడ చల్లాను. అదొక్కటే నా సేద్యం. ఆగస్టుకల్లా క్రోసూరు నుంచి, నూజెండ్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. అంతా ఫోను మీదే. ట్రేలు ఆటోల్లో వెళ్లిపోయేవి.

ఒక రోజు ఆమె ఫోను చేసింది. "తమ్ముడూ, చేను సంగతి తెలీకుండా ఎట్టా ఇచ్చేది?"

"ఫోన్లో అడుగక్కా."

"అడిగితే ఏమంటున్నారో తెల్సా? 'నేను నారు కొనేటోణ్ణా, పిల్లనడగొచ్చినోణ్ణా' అంటున్నారు."

నేను పగలబడి నవ్వాను. పోస్టుకు పనికొస్తుందని కాగితం మీద రాసుకున్నాను కూడా. మొదటి విడత ట్రేలన్నీ వెళ్లిపోయాయి. చేను ఆమెకే ఉంచుతానని ఆసామి అన్నాడు. నా పని నేను సరిగ్గా చేశానని నమ్మాను.

సెప్టెంబరులో వారం పాటు వాన ఆగలేదు. ఆ తర్వాత మళ్లీ ఆమె ఫోను. "ఒకసారి రా తమ్ముడూ. నీ రాత నీ చేతే చదివిస్తారంట."

వెళ్లేసరికి పందిరి దగ్గర అయిదుగురు నిలబడి ఉన్నారు. ముందున్నాయన క్రోసూరు సాంబయ్య. ఒక చేతిలో వాడిపోయిన మిరప మొక్క, రెండో చేతిలో ఫోను. ఫోనులో నా సామెత.

"నారు పోసినవాడు నీరు పోయడా. అంటే ఏంది? నారు పోసింది ఎవురు? ఈవిడ. మరి నీళ్ల పూచీ ఎవురిది?"

"అది సామెత పెదనాన్నా. దేవుణ్ణి గురించి..."

"దేవుడు నర్సరీ ఎప్పుడు పెట్టాడయ్యా?"

మిగతా నలుగురూ నవ్వారు. ఆయన చేతిలో మొక్క వేరు నల్లగా కుళ్లి ఉండకపోతే నాకూ నవ్వు వచ్చేదే.

"నీళ్లు నిలిచే చేలో పెట్టొద్దని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోయింది? చూస్తే పెట్టేటోణ్ణా నేను?" అన్నాడు సాంబయ్య.

ఆదిలక్ష్మక్క నా వైపు చూసింది. ఆ ముక్క ఆమె చెప్పింది, తీసేసింది నేను. అంతే చెప్పాలి. ఆమెది నారు, నాది నోరు అని నలుగురిలో జోకులు వేసేవాణ్ణి. ఆ నోరు పెగల్లేదు. పందిరి గుంజ మీద పాకుతున్న చీమల్ని చూస్తూ నిలబడ్డాను.

ఆమె వాళ్ల వైపు తిరిగి, "నా పేరు మీద ఉంది. నేను చెప్పినట్టే లెక్క" అంది.

వానలు వెనకబట్టాక నాటుకునే పాత ఇళ్లవాళ్ల కోసం రెండో విడత నారు పెంచుతోందామె. పోయిన నారుకు బదులుగా ఆ ట్రేలన్నీ ఆ అయిదుగురికీ ఎత్తిచ్చేసింది. ఈసారి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, చేలో ఏ వైపు మెరక ఉందో అడిగి మరీ ఇచ్చింది. తర్వాతి వారం పాతవాళ్లు వచ్చారు. పందిరి కింద ఏమీ లేదు.

"ఇన్నేళ్ల నుంచి వస్తున్నోళ్లం మేం కంటికి ఆనలేదా వదినా? ఫోన్లో మనుషులే ఆనారా?" అని వాళ్లలో ఒకామె అడిగిందట. పాతవాళ్లు హైవే నర్సరీలకు వెళ్లిపోయారు, మరి తిరిగి రాలేదు. కొత్తవాళ్లలో కబురు ఎలా పాకాలో అలా పాకింది. మరుసటి ఏడు చేను చేతులు మారింది. ఇప్పుడామె హైవే పక్క నర్సరీలో రోజుకూలీకి ట్రేలలో మట్టి నింపుతోంది.

అక్కడ చేరిన కొత్తల్లోనే ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చింది. "ఆ బ్లాగు తీసెయ్యి తమ్ముడూ."

"అక్కా, ఇప్పుడు మిరప నారు అని కొడితే అన్నిటికంటే ముందు మనదే వస్తంది" అన్నాను.

"కలుపు కూడా ముందే వచ్చిద్ది."

ఆమె ఎదురుగానే తీసేశాను. నిజంగా తీసేయమంటారా అని కంప్యూటరు రెండుసార్లు అడిగింది. ఆమె వాక్యం తీసేసిన రోజున ఒక్కసారి కూడా అడగలేదు.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: "మీ దగ్గరికి ఎవరు రాకూడదు?" చాలామంది తెల్లమొహం వేస్తారు. కొందరు లేచి వెళ్లిపోతారు. జవాబు ఉన్నవాళ్లది మాత్రం పోస్టులో మొదటి వాక్యంగా రాస్తాను. బ్లాగు పని జనాన్ని తీసుకురావడమే, నిజమే. రాకూడనివాళ్లను ఆపే మాట యజమాని నోట్లోనే ఉంటుంది. అందంగా లేదని దాన్ని కొట్టేసే హక్కు రాసేవాడికి లేదు.

వృత్తి నేర్పింది అంతవరకే. సాంబయ్య నంబరు నా ఫోనులో ఉంది. ఆ ముక్క తీసేసింది నేనని చెప్పడానికి ఒక్క ఫోను చాలు. ఇది రాయడం అంతకంటే తేలికనిపించింది.