ఆఖరి గ్లాసు మీద ఎర్ర గీత

ఆదివారం పొద్దున ఫోన్ తెరవగానే నా ఆన్‌లైన్ స్పానిష్ పరీక్ష పేపరు మీద ఎర్ర గీత కనిపించింది. తాగేటప్పుడు ఇంగ్లిష్‌లో అనే మాటలను స్పానిష్‌లోకి మార్చమన్నారు. ఇంటికి బయలుదేరే ముందు తాగే గ్లాసుకు నేను 'ఆఖరిది' అని రాశాను. సార్ అది కొట్టేసి 'ఆఖరిదానికి ముందుది' అని రాశారు. కారణం చెప్పలేదు. ఆ ఒక్క మార్కుతో పరీక్ష తప్పాను. ఒళ్లు మండి కోర్సు వాళ్లకు పెద్ద ఫిర్యాదు పంపాను.

అదే కోపంతో నాయనమ్మను అడిగాను. "ఆఖరిదాన్ని ఆఖరిది అనక ఏమంటరు అవ్వా?"

"అనొద్దు బిడ్డా. రజాకార్ల కాలంల మా పెద్దన్న దళంలకు పోయేనాడు కల్లు తాగి, గిదే ఆఖరు ముంత అన్నడు. మళ్ల రాలే. అప్పట్నుంచి మనింట్ల ఆ మాట ఎవ్వరం అనం."

వెతికి చూస్తే స్పెయిన్‌లోనూ అదే భయమట, అందుకే 'ఆఖరిదానికి ముందుది' అంటారట. చదివి వినిపించాను.

"గీ సంగతి వాళ్లకెవరు చెప్పిండ్రే?" అంది.

కోపమైతే తగ్గలేదు. ఒక్క ముక్క కారణం రాస్తే సార్ చెయ్యి అరిగేదా? మీ ఇళ్లలో ఆ గ్లాసును ఏమంటారు?

రేపు పొద్దున్నే నాయనమ్మ మాటలు స్పానిష్‌లో రాసి సార్‌కు పంపుతాను. అవ్వ వాళ్ల పెద్దన్న అన్నచోట మాత్రం 'ఆఖరిది' అనే రాస్తాను.