ఎక్కువ గీసిన తలుపు

ఒక మాట ఇన్నేళ్లుగా నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే, ఓస్, బస్సులో వేసుకున్న సరదా లెక్క గురించా ఇంత బాధ, అని నవ్వుతారు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మీరూ నవ్వొచ్చు, కానీ చివరిదాకా వినండి.

తొంభైల్లో మేం శంషాబాద్‌లో అద్దెకుండేవాళ్లం. మాది గుంటూరు వైపు. నేను నగరంలో ఒక ఆఫీసులో టైపిస్టుని. పొద్దున బస్సు శంషాబాద్‌లోనే బయలుదేరేది కాబట్టి ముందున్న ఆడవాళ్ల సీట్లలో చోటు దొరికేది. డ్రైవరు పక్కన ఇంజను మీద రేకు మూత ఉంటుంది చూశారూ, అదే మా పలక. పొద్దుపోవడానికి దాని మీద సుద్దముక్కతో చిక్కులెక్కలు గీసేవాళ్లం. డ్రైవరు రోజూ తిట్టేవాడు, రోజూ తొంగి చూసేవాడు.

మేం నలుగురం. నేను, ఎస్తేరు, రాడ్డు పట్టుకుని పక్కనే నిలబడే ఇద్దరు మగవాళ్లు. ఒకాయన మా వైపువాడే, గుమాస్తా వెంకటేశ్వర్లు గారు. రెండో అతను కరెంటు పని చేసే యాదగిరి. ఎస్తేరుది తొండుపల్లి. మైలార్‌దేవ్‌పల్లిలో దిగి దవాఖానలో నర్సు డ్యూటీకి వెళ్లేది. నాకంటే చిన్నది. లెక్క వినగానే కళ్లు మూసుకునేది. మేమింకా ప్రశ్న అర్థం చేసుకుంటుండగానే కళ్లు తెరిచి నవ్వేది. ఆ నవ్వంటే నాకెంత ఇష్టమో! అంతే కడుపుమంట కూడా. ఈ రెండూ ఒకే మనసులో ఎలా ఇముడుతాయని నన్నడక్కండి. ఇమిడాయి.

మాకో పద్ధతి ఉండేది. లెక్క తేలినవాళ్లు "వచ్చింది" అని ఊరుకోవాలి. జవాబు బయటపెట్టకూడదు. ఆఖరివాళ్లు కూడా తేల్చాకో, ఓడిపోయానని ఒప్పుకున్నాకో లెక్క తెచ్చినవాళ్లే విప్పి చూపించాలి. మాట మీద నమ్మకం తప్ప వేరే సాక్ష్యం లేదు. ఆ నమ్మకమే మా ఆటకి అందం అనుకునేదాన్ని.

ఆ ఏడు ఎస్తేరు సాయంత్రం కాలేజీలో లెక్కల డిగ్రీ చేరాలనుకుంటోంది. నర్సు చదువు వాళ్ల నాన్న కోరిక. లెక్కలు తన కోరిక. చేరమని అందరికంటే ఎక్కువగా పోరింది నేనే. దరఖాస్తు గడువుకి ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి.

అప్పుడే నేనొక లెక్క తెచ్చాను. ఐదు గదుల ఇల్లు, పైన రెండు, కింద మూడు. గదికీ గదికీ మధ్య, బయటికీ గోడల్లో తలుపులు. ఎక్కడ మొదలుపెట్టినా, ఎక్కడ ఆగినా సరే, ప్రతి తలుపూ ఒక్కసారే దాటుతూ అన్నీ దాటాలి. అంతకుముందు ఇంట్లో నేను తేల్చిన లెక్కే. బస్సు కుదుపుల్లో గుర్తున్నట్టు గీసేశాను. మర్నాడు వెంకటేశ్వర్లు గారు "వచ్చింది" అన్నారు. యాదగిరీ "వచ్చింది" అన్నాడు. ఎస్తేరు మాత్రం తల అడ్డంగా ఊపింది.

"ఇది రాదక్కా."

"ఎందుకు రాదు?"

"ఐదు తలుపులున్న గదులు మూడున్నయ్ గదా. బయటి నుంచి అండ్లకు పోయినోడు ఐదో తలుపు దాటేసరికి లోపల్నే ఉంటడు. ఇగ బయటికొచ్చే తొవ్వ లేదు. ఒక గదిలకెళ్లి మొదలువెట్టిండు అనుకో, ఇంకో గదిల ఆగిండు అనుకో. మూడో గది సంగతేంది? ఒక్క మనిషి ఎన్ని గదులల్ల పండుకుంటడు?"

బస్సులో అందరం నవ్వాం. నేను మాత్రం దారంతా వేళ్ల మీద తలుపులు లెక్కపెట్టుకున్నాను. ఆ సాయంత్రం వంటింటి గచ్చు మీద మళ్లీ గీశాను. పైన ఉన్న రెండు గదుల మధ్య తలుపు లేదు! బస్సులో నేనే అక్కడ ఒకటి ఎక్కువ గీశాను. ఆ తలుపుతో లెక్క ఎవరికీ రాదు. అంటే ఆ ఇద్దరూ పరువు కోసం వచ్చిందన్నారు. నిజం చెప్పింది ఎస్తేరు ఒక్కతే. అంతేకాదు, ఎందుకు రాదో కూడా తనే కనిపెట్టింది. నేనైతే జన్మలో కనిపెట్టలేకపోయేదాన్ని.

మర్నాడు నేనేం చెప్పాలి? మీరే చెప్పండి. తప్పు నాది, నువ్వే గెలిచావు. ఇంతే కదా! ఆ మాట నాలుక చివర పెట్టుకునే బస్సెక్కాను. అప్పటికే యాదగిరి ఆమెని ఆటపట్టిస్తున్నాడు. ఆమె మొదటిసారి కొంచెం బెదిరినట్టుంది. "రాత్రంతా మనసులనే గీసి చూసిన అక్కా. నాకైతే రాలే. ఓడిపోయిన, చూపెట్టు" అంది.

నేను సుద్ద తీసుకుని, పై గదుల మధ్య తలుపు లేకుండా గీసి, దారి చూపించాను.

"మొన్న గిక్కడ తలుపుండె గదా!" అంది.

"లేదే. నువ్వే తప్పు చూసుంటావు ఎస్తేరూ."

తేలు కుట్టిన దొంగల్లా మగవాళ్లిద్దరూ కిక్కురుమనలేదు. ఆమె మా ముగ్గురి ముఖాలూ చూసింది. మొన్నటి గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. "అట్లనా..." అని మాత్రం అంది.

ఆ మగవాళ్లిద్దరి పరువు పోతుందని అలా అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు ఆమె నా దగ్గర నేర్చుకోవాలనిపించింది. అంత చిన్న బుద్ధి నాది.

ఆమె దరఖాస్తు పెట్టలేదు. అడిగితే, "ఉన్న తలుపేదో, లేని తలుపేదో తెలుస్తలేదు. నాకు డిగ్రీ లెక్కలు ఎందుకక్కా" అంది, నవ్వుతూనే. అప్పుడైనా చెప్పొచ్చు కదా? గడువు ఇంకా ఉంది. చెప్పలేదు. ఆ తర్వాత ఎవరైనా లెక్క వేస్తే కిటికీలోంచి బయటికి చూసేది. ఆమె కళ్లు మూసుకోకపోతే మాకూ ఆడాలనిపించేది కాదు. కొన్నాళ్లకు ఆమెకి వేరే ఊరు బదిలీ అయింది. ఆఖరిరోజు బస్సు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "మంచిగుండు అక్కా" అంది. ఆ చెయ్యి పట్టుకునే అర్హత నాకు లేదని ఆమెకి తెలియదు.

కొన్నేళ్ల తర్వాత ఒకసారి పహాడీ షరీఫ్ దగ్గర బస్టాపులో కనిపించింది. నేను బస్సులో ఉన్నాను. దిగొచ్చు. దిగలేదు. తల దించుకుని కూర్చున్నాను.

నాకు ఎస్తేరు కావాలి. ఇదీ నిజం. మళ్లీ ఆ సీట్లో నా పక్కన భుజం తగిలేలా కూర్చుని, కళ్లు మూసుకుని ఆలోచిస్తుంటే చూడాలని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. క్షమించమని అడిగే మొహం లేదు. అడిగితే, ఆమె స్వభావానికి, క్షమించేస్తుంది కూడా. అప్పుడు నా బరువు దిగుతుంది. ఆమె చదవని చదువు తిరిగి రాదు.

మీకు ఎక్కడైనా ఎస్తేరు కనిపిస్తే నా గురించి చెప్పకపోయినా ఫర్వాలేదు. ఆమె కళ్లు బాగానే చూశాయని చెప్పండి.